ఊది లేని గురువారాలు

శోభనాద్రికి అనుమానం ఊది దగ్గర మొదలైంది.

ప్రతి గురువారం పదింటికి బాబా గుడికని బయల్దేరిన మనిషి పన్నెండింటికి ఇల్లు చేరితే నుదుటన కాసింత ఊది ఉండదా? కొంగున ముడేసిన పొట్లమైనా ఉండదా? ఒక వారమంటే మర్చిపోయిందనుకోవచ్చు. రెండో వారం చెమటకి చెరిగిపోయిందనుకోవచ్చు, బందరు ఉక్కపోత అలాంటిది. వరసగా ఆరు గురువారాలండీ! ఆరు గురువారాలూ భార్య కుమారి నుదుటన బొట్టు తప్ప ఇంకేమీ లేదు. పైగా కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గుళ్ళో ఏడ్చేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళు కూడా ఊది పెట్టుకునే వస్తారు.

ఇంకొకరైతే "ఏమే, ఊది పెట్టుకోలేదేం?" అని అడిగేసి ఊరుకునేవారు. శోభనాద్రి అడగలేదు. ముప్పై మూడేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషాయన. టికెట్ లేనివాణ్ణి పట్టుకుని 'టికెట్ ఉందా' అంటే ఏమంటాడు? ఉందనే అంటాడు. అందుకని అడక్కూడదు, కనిపెట్టి ఉండాలి, వాడు దిగే స్టాపు దాకా ఆగాలి. పెళ్ళాం విషయంలోనూ ఆయన అదే చేశాడు.

పుట్టుకతోనే ఇలాంటివాడని మాత్రం అనుకోకండి. నాగాయలంక దగ్గర పల్లెలో పుట్టి, ఇరవై ఆరేళ్ళకి కండక్టరు ఉద్యోగంలో చేరినప్పుడు శోభనాద్రి అంటే ఆ రూట్లో అందరికీ ముద్దే. ముసలమ్మల్ని చెయ్యందించి ఎక్కించేవాడు. చేపల బుట్ట ఎక్కించొద్దని డ్రైవరు గొణిగితే, "పోనీలే బావా, ఆవిడ పొట్ట కూడు" అని సర్దిచెప్పేవాడు. ఎక్కిన ప్రతి ఆడమనిషీ పిన్నో, అత్తో, అక్కో.

అలా ఒక పిన్ని ఓరోజు చల్లపల్లిలో ఎక్కింది. చంకలో పసిబిడ్డ, చేతిలో సంచి. "కూర్చున్నాక తీసుకుంటా నాయనా, చెయ్యి ఖాళీ లేదు" అంది. సరే పిన్నీ అన్నాడు. బస్సు కిటకిటలాడుతోంది, మర్చిపోయాడు. మోపిదేవి దగ్గర చెకింగ్ వాళ్ళు ఎక్కారు. టికెట్ ఏదమ్మా అంటే ఆవిడ ఒక్క క్షణం తడుముకోకుండా, "ఇమ్మంటే ఇవ్వలేదయ్యా ఈయన" అని శోభనాద్రి వైపు వేలు చూపించింది. పసిబిడ్డ కూడా ఆయన వైపే చూసి నవ్విందట. నాలుగు నెలలు సస్పెన్షన్. అప్పుడు కుమారికి ఏడో నెల.

అంతే, ఆ తర్వాత ఎవర్నీ పిన్నీ అని పిలవలేదు. జనాన్ని చూడటం మొదలుపెట్టాడు. టికెట్ తీసుకోనివాడు మెడ ఎలా వంచుతాడో, కిటికీలోంచి ఏ చెట్టూ లేని చోట చెట్టు చూస్తున్నట్టు ఎలా నటిస్తాడో నేర్చుకున్నాడు. అవనిగడ్డ, గుడివాడ, కోడూరు, పౌర్ణమి రోజుల్లో సముద్రస్నానాలకి పాలకాయతిప్ప స్పెషల్ బస్సు, ఏ రూట్లో వేసినా శోభనాద్రి బస్సులో టికెట్ లేనివాడు ప్రయాణం చెయ్యలేడని పేరొచ్చింది. డిపోలో శాలువా కప్పి మెచ్చుకున్నారు కూడా.

బాగానే ఉంది. కానీ ఆ మనిషి సాయంత్రం ఇంటికొచ్చి ఖాకీ చొక్కా వంకెకి తగిలించేవాడే గానీ అనుమానాన్ని విప్పేవాడు కాదు. ఎక్కడికెళ్ళావు? పాలవాడితో అంతసేపు ఏం మాటలు? ఫోన్లో ఎవరు? అమ్మాయైతే వంటింట్లోకి వెళ్ళి మాట్లాడటం ఎందుకు? ఇందాక ఎందుకు నవ్వావు? పోనీ, ఎందుకు నవ్వట్లేదు? ముప్పై ఏళ్ళు ఇదే వరస. చెయ్యి మాత్రం ఎత్తలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ మాట ఆయన కూడా తరచూ చెప్పుకునేవాడు.

కుమారి ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఇంట్లోనే కూర్చుని చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకి రాళ్ళు అతికేది. ఆవగింజంత రాయిని సన్న పట్టకారుతో పట్టి గుంటలో కూర్చోబెడితే వంక పెట్టేవాడు లేడు. అలాంటి చేతులు ఏడాదిగా వణుకుతున్నాయి. రాయి జారిపోతోంది. ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అయిపోతోంది. బీపీ బాగుంది, షుగర్ లేదు. పెద్దాసుపత్రి డాక్టరు శోభనాద్రిని పక్కకి పిలిచి, "శరీరంలో ఏం లేదండీ. మనసులో ఏదో పెట్టుకుని నలిగిపోతున్నారు. ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడితే మంచిది" అన్నాడు.

"నాతో మాట్లాడుతుందిలెండి," అన్నాడు శోభనాద్రి. ఇంటికొచ్చి గ్యాస్ బిళ్ళలు తెచ్చిచ్చాడు.

ఏడో గురువారం వెంటపడ్డాడు.

గొడుగు పట్టుకున్నాడు, ఎండకి కాదు, మొహానికి అడ్డంగా. కుమారి బాబా గుడి ముందు నుంచే నడిచింది. లోపలికి వెళ్ళకపోతే పోయె, కనీసం నిలబడి దణ్ణమైనా పెట్టలేదు! కోనేరు సెంటరు దాటి, ఒక సందు తిరిగి, పసుపు రంగు వేసిన డాబా ఇంట్లోకి తన సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. శోభనాద్రి నాలుగడుగులు ముందుకేసి బోర్డు చదివాడు. 'ఫర్హానా, సైకాలజిస్ట్. కౌన్సిలింగ్, సైకోథెరపీ. అందరికీ.'

మిగతా ముక్కలు ఆయనకి పట్టలేదు. కౌన్సిలింగ్ అన్న ముక్క దగ్గర కాళ్ళు నిలిచిపోయాయి.

బందరులో ఆ మాటకి రెండే అర్థాలు. ఒకటి, ర్యాంకు వచ్చిన పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని ఇంజనీరింగ్ సీటు కోసం వెళ్ళేది. వాళ్ళమ్మాయి సాయిసుధ నర్సు చదువు అయిపోయి, పెళ్ళయి, గుడివాడలో కాపురం చేసుకుంటోంది, కాబట్టి అది కాదు. రెండోది గంగన్నకి జరిగింది. గంగన్న డిపోలో డ్రైవరు. తాగొచ్చి అల్లరి చేస్తున్నాడని పెళ్ళాం కంప్లైంట్ ఇస్తే, స్టేషన్‌కి పిలిచి, రెండు గంటలు నిలబెట్టి నానా చీవాట్లూ పెట్టి, ఇకమీదట బుద్ధిగా ఉంటానని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. మర్నాడు డిపో అంతా ఇదే మాట, "గంగన్నకి కౌన్సిలింగ్ ఇచ్చారటగా!" తర్వాత ఆరు నెలలకి ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది కూడా.

అంటే కుమారి తన మీద కంప్లైంట్ ఇచ్చింది. ఏడు వారాలుగా ఇస్తూనే ఉంది. ఈ ఫర్హానా ఎవరో అంతా రాసుకుంటోంది. అన్నీ పోగయ్యాక ఒక్కసారే స్టేషన్‌కి పిలుస్తారు. అయినా సాయిబుల అమ్మాయికి మా ఇంటి సంగతులెందుకు అని కూడా అనుకున్నాడు. డ్రైవరు మొయినుద్దీన్ పక్కన పదకొండేళ్ళు కూర్చుని ఒకే క్యారేజీలో అన్నం తిన్న మనిషికి ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఆయన్నే అడగాలి. అనుమానం తలకెక్కితే అంతేనండీ, ముందు వెనకలుండవు.

ఎదురుగా టీ బడ్డీలో కూర్చుని లెక్కపెట్టాడు. సరిగ్గా యాభై నిమిషాలు. కుమారి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆయన అడ్డదారిన పరిగెత్తి ముందే ఇల్లు చేరి, కుర్చీలో కూర్చున్నాడు.

"గుళ్ళో జనం ఉన్నారా?"

"తక్కువేనండీ," అంది కుమారి, చెప్పులు విడుస్తూ.

ఎంత తేలిగ్గా చెప్పేసింది! శోభనాద్రికి కోపం రావాలి. కోపం రాలేదు, భయమేసింది. యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఈ మనిషి సంచి సర్దుకుని గుడివాడ కూతురి దగ్గరికి వెళ్ళిపోతే తనకెవరున్నారు? ఆ గదిలో ఏం చెబుతోందో తెలియాలి. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు. తెలియకపోతే ఇక ఆయనకి బతుకు లేదు.

మంగళవారానికి ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. తన పేరు చెప్తే దొరికిపోతాడు కదా, అందుకని పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు రామచంద్రమూర్తి గారి పేరు చెప్పాడు. పాపం ఆ పెద్దమనిషికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

లోపల వరండాలో ఒకటే బెంచీ. దాని మీద కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువు మీద పనిచేసే కుర్రాడు, చేతులకింకా ఆ నీచు వాసన పోలేదు. పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ. ఆ పక్కన పట్టుచీర కట్టిన మేస్టరమ్మ. చివర్న ఆకుపచ్చ చీరలో ఒక హిజ్రా. అందరూ ఒకే కుండలో నీళ్ళు ముంచుకు తాగుతున్నారు. ఇన్ని రకాల జనాన్ని ఒకే బెంచీ మీద ఆయన బస్సులో చూశాడు, గంగన్న కోసం వెళ్ళినప్పుడు పోలీస్ స్టేషన్లో చూశాడు. ఇది బస్సైతే కాదు.

"కూర్చోండి బాబాయ్," అంటూ ఆకుపచ్చ చీరావిడ జరిగింది. "నా పేరు తన్మయి. మొదటిసారా?"

"నా కోసం కాదమ్మా. ఒక ఫ్రెండ్ గురించి మాట్లాడదామని."

తన్మయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొదటిసారి అందరూ ఫ్రెండ్ గురించే వస్తారు బాబాయ్. నేనూ అంతే."

శోభనాద్రి తల అటు తిప్పేసుకున్నాడు. ఇంతలో తలుపు పక్కన స్టూలు మీద గుయ్యిమని మోగుతున్న పెట్టె కంటపడింది. రికార్డింగ్! సందేహం లేదు. లోపలి మాటలన్నీ ఎక్కుతున్నాయందులో. కుమారి ఏడు వారాల మాటలూ దాంట్లోనే ఉండాలి.

ఫర్హానాకి ముప్పై అయిదు దాటవు. కాటన్ చీర, కళ్ళజోడు, మెల్లని గొంతు. లాఠీ ఏదీ కనపడలేదు. ఆయన మొదట అడిగింది ఆ పెట్టె గురించే.

"అది రికార్డు చెయ్యదండీ. లోపల మనం మాట్లాడేది బయట కూర్చున్నవాళ్ళకి వినపడకుండా ఆ చప్పుడు," అని ఒక కాగితం ముందు పెట్టింది. "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్ప, కోర్టు అడిగితే తప్ప, బయటికి పోదు. అది చదివి సంతకం పెట్టండి."

కోర్టా! చూశారా, గంగన్నకీ ఇలాగే కాగితం పెట్టారు. వెనక్కి తగ్గితే అనుమానిస్తుంది. పెన్ను తీసుకుని చకచకా సంతకం పెట్టేశాడు.

"చెప్పండి రామచంద్రమూర్తి గారూ."

"మా ఫ్రెండొకడున్నాడండీ. వాడి భార్య గుడికని చెప్పి గురువారం గురువారం ఇంకెక్కడికో వెళ్తోంది. వాడు చాలా మంచోడు. చెయ్యెత్తి ఎరగడు. అలాంటి ఆడవాళ్ళు మీ దగ్గరికొస్తే ఏం చెప్తుంటారండీ? ఊరికే, మాటవరసకి."

ఫర్హానా కాగితం వైపు చూసింది. పైన పేరు రామచంద్రమూర్తి. కింద, ముప్పై మూడేళ్ళు రోజూ డిపోలో లెక్కల కాగితాల మీద పెట్టి పెట్టి చేతికి అలవాటైపోయిన సంతకం, గుండ్రటి అక్షరాల్లో, శోభనాద్రి.

అడ్డంగా దొరికిపోయాడు. ఎంతమందిని పట్టుకున్నాడు, తను దొరికితే ఏం చెయ్యాలో మాత్రం ఆయనకి తెలియదు.

"మీ ఫ్రెండ్‌కి ఏమని భయమండీ?" అంది ఫర్హానా, సంతకం ఊసెత్తకుండానే.

"వదిలేసి పోతుందేమోనని," అన్నాడు. అది ఆయన చెబుదామనుకున్న మాట కాదు. దాంతో ఒళ్ళు మండి, "మా ఆవిడ ఇక్కడికొస్తోందా లేదా? సూటిగా చెప్పండి!" అని అరిచాడు.

"ఎవరొస్తారో, ఎవరు రారో నేను చెప్పనండీ. మీరు ఇవాళ వచ్చారని కూడా ఎవరికీ చెప్పను. కానీ మిమ్మల్ని నేను చూడటం కుదరదు. గుడివాడలో హేమంత్ గారని ఉన్నారు, ఆయన నంబరిస్తాను. తప్పకుండా వెళ్ళండి. మీరిప్పుడు చెప్పింది చిన్న విషయం కాదు."

"ఎందుకు కుదరదు?"

"అది కూడా చెప్పను."

శోభనాద్రి నంబరు చీటీ జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు. చూడనంది, ఎందుకో చెప్పనంది, అంటే అంతా తన గురించే అన్నమాట. ఆ గదిలో కుమారి తనని ఎండగట్టేస్తోంది. ఇక ఆగలేకపోయాడు.

ఎనిమిదో గురువారం మళ్ళీ టీ బడ్డీ, మళ్ళీ గొడుగు. యాభై నిమిషాలయ్యాక కుమారి బయటికొచ్చింది. ఈసారి కళ్ళు తుడుచుకోవడం లేదు. మొహం తేటగా ఉంది. పెళ్ళయిన కొత్తలో ఇలా ఉండేది, ఆ మొహం ఆయన మర్చిపోయి చాలా కాలమైంది. మెట్టు మీద నిలబడి కొంగు సర్దుకుని తలెత్తింది. ఎదురుగా టీ బడ్డీ, బడ్డీలో గొడుగు, గొడుగు కింద మొగుడి చెప్పులు.

అరవలేదు. దగ్గరికి రాలేదు. అలాగే కాసేపు చూసి మెడ వంచుకుని నడిచి వెళ్ళిపోయింది. అలా వంగిన మెడల్ని శోభనాద్రి వేలకొద్దీ చూశాడు. వాళ్ళంతా తప్పు చేసినవాళ్ళు.

తర్వాతి గురువారం పదయినా కుమారి వంటింట్లోంచి కదల్లేదు.

"గుడికి వెళ్ళవా?"

"వెళ్ళనండీ. మానేశాను."

నిజం చెప్పాలంటే ఆ పూట ఆయనకి సంతోషమే వేసింది. పీడా పోయిందనుకుని గోంగూర పచ్చడితో మారు వడ్డించుకు తిన్నాడు. సంతోషం ఆ మధ్యాహ్నం దాకానే నిలిచింది.

"పాలు పోయించుకోవడానికి వెళ్తున్నానండీ," అంది కుమారి నాలుగింటికి. పాలవాడు గేటు దగ్గరే ఉన్నాడు. "ఒక్క నిమిషంలో వచ్చేస్తాను."

శోభనాద్రి తలూపాడు. కాసేపటికి మళ్ళీ, "అమ్మాయి ఫోన్ చేస్తోందండీ. స్పీకర్ పెట్టనా?" ఆ తర్వాత, "పెరట్లో బట్టలు తీయడానికి వెళ్తున్నానండీ. పక్కింటి సుబ్బాయమ్మ గారు పలకరిస్తే మాట్లాడతాను, పిండి మర గురించి." మర్నాడు పొద్దున్న, "గేటు దాకా వెళ్తున్నానండీ." వెటకారం లేదు, కోపం లేదు. అడగకముందే అప్పజెప్పేస్తోంది, అంతే. ముప్పై ఏళ్ళుగా ఆయనకి కావలసింది ఇదే కదా! ఆ మాట విన్నప్పుడల్లా మాత్రం ఆయనకి ఒళ్ళు చల్లబడిపోయేది.

ఈమధ్య కాస్త తగ్గిన చేతుల వణుకు మళ్ళీ మొదలైంది. కమ్మలకి అతకాల్సిన రాళ్ళు పళ్ళెంలో టపటపా రాలిపోతున్నాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోంది. ఒకసారి తెర మీద ఫర్హానా పేరు కనపడింది. కుమారి ఆయన వైపు చూసి, ఆయన కళ్ళ ముందే కట్ చేసి, ఫోన్ ఆయన చేతికిచ్చింది.

ఆ ఫోన్ చేత్తో పట్టుకున్నప్పుడు శోభనాద్రికి సిగ్గేసింది. బతుకులో మొదటిసారి, తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తేటపడిన మొహం గుర్తొచ్చింది. దాన్ని అక్కడ ఎవరో కష్టపడి తెచ్చారు, తను గొడుగేసుకు వెళ్ళి చెరిపేసి వచ్చాడు.

మళ్ళీ గురువారం వచ్చింది. తొమ్మిదిన్నరకి కుమారి పళ్ళెం ముందు కూర్చుని ఉంది. ఆయన వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"కుమారీ, నీ వెంటపడ్డాను. రెండుసార్లు."

"తెలుసండీ."

"తెలియనిది ఇంకోటుంది. మధ్యలో మంగళవారం లోపలికి కూడా వెళ్ళాను. మేస్టారి పేరు పెట్టుకుని. నువ్వేం చెబుతున్నావో లాగుదామని. ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు, అమ్మాయి మీద ఒట్టు. నువ్వొస్తున్నావని కూడా ఒప్పుకోలేదు. నువ్వెళ్ళు. మానొద్దు. నా గురించి ఏం చెప్పావో ఈ జన్మలో అడగను. ఎంత చెడ్డగా చెప్పినా ఫర్వాలేదు. అన్నీ నిజమే అయ్యుంటాయి."

కుమారి పట్టకారు కింద పెట్టింది.

"ఏం చెప్పానండీ? నేనేమీ చెప్పలేదు."

"ఎనిమిది వారాలు వెళ్ళావు కదే."

"వెళ్ళాను. కూర్చునేదాన్ని. ఆవిడా కూర్చునేది. ఏడుపొస్తే ఏడ్చేదాన్ని. నోరు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఇంటికొచ్చాక నా మొహం చూసి మీరు కనిపెట్టేస్తారని భయం. తలుపేసి ఉన్నా, ఆవిడ ఎవరికీ చెప్పనని ఒట్టేసినా, మీకు తెలిసిపోతుందనే అనిపించేది." ఒక రాయిని వేలితో పళ్ళెం అంచుకి జరిపింది. "ఎనిమిదో వారానికి కొంచెం ధైర్యమొచ్చింది. వచ్చేవారం చెప్తానండీ అన్నాను ఆవిడతో. నేను అక్కడ మాట్లాడింది ఆ ఒక్కటే. ఆ మాట అనేసి బయటికొచ్చి చూస్తే, ఎదురుగా మీరు."

శోభనాద్రి గోడ పట్టుకుని లేచి, వీధిలోకి వెళ్ళి, పోతున్న ఆటోని ఆపాడు. కోనేరు సెంటరు దాటాక ఎక్కడ ఆపాలో ఆమె చెబుతుందని ఆటో అబ్బాయితో అన్నాడు. మళ్ళీ లోపలికొచ్చి, కుమారి మొహం చూడకుండా ఆమె పక్కనుంచి నడిచి, పెరటి వైపు గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

పక్కనే కిటికీ ఉంది. పరదా కాస్త తొలగిస్తే గేటు కనిపిస్తుంది. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు. ఆటో చాలాసేపు అలాగే ఇంజను కొట్టుకుంటూ నిలబడింది. అబ్బాయి హారన్ కూడా కొట్టాడు.

ఆ తర్వాత గేటు గడియ చప్పుడైంది, ఆటో కదిలిపోయింది. వెళ్తున్నానండీ అన్న మాట మాత్రం వినపడలేదు.